పెద్దకార్యానికి ఫ్లెక్సీ

“ఇంకోటి చూపించండమ్మా,” అన్నాడు సూర్యారావు.

యామిని కంప్యూటర్లో మరో ఫొటో తెరిచింది. స్కేటింగ్ చెక్క మీంచి గాల్లోకి లేచిన రెండు ఉత్తి కాళ్లు.

“ఇందులోనూ కాళ్లేనా? మావాడి మొహం ఏదండీ?”

కొడుకు దుర్గాప్రసాద్‌ని లారీ గుద్దేసి వారమైంది. ఫొటోలన్నీ ఉన్న అతని ఫోను కూడా చక్రాల కిందే నలిగిపోయింది. పెద్దకార్యానికి ఫ్లెక్సీ వేయించాలని సూర్యారావు అల్లవరం నుంచి యామిని దగ్గరికి వచ్చాడు. పాడుబడ్డ రొయ్యల హేచరీలో, ఎండిన సిమెంటు తొట్టెల్లో స్కేటింగ్ చేసే దుర్గాప్రసాద్‌నీ, అతని జట్టు కుర్రాళ్లనీ మూడేళ్లుగా ఫొటోలు తీస్తున్నది యామినే.

“మేం మొహాలు తియ్యమండి. ‘మొహాలు పెళ్లి ఆల్బమ్‌లకి, మనకి ఆట కనబడాలి’ అనేవాడు మీవాడే.”

“ఆయ్, ఆ పొగరు వాడిదేనండి.”

సూర్యారావు తెర దగ్గరికి వంగి, ఫొటోలో ఎడమ కాలి బొటనవేలి మీది మచ్చని తాకాడు.

“చిన్నప్పుడు పీత కొరికిందండి. నేనే కట్టు కట్టేను.”

హైదరాబాదు ప్రదర్శనలో అందరూ మెచ్చుకున్న ఫొటో అది. ఆ మచ్చని యామిని ఇప్పుడే చూసింది.

“ఇదే పెద్దది చేసి ఇవ్వనాండీ, బాబాయ్‌గారూ?”

“కాళ్లకి దండ ఎలా వేస్తామమ్మా?”

అతను జేబులోంచి కొడుకు ఆధార్ కార్డు తీసిచ్చాడు. ఎప్పుడో తీయించిన ఆ కార్డులో ఎవరో పదేళ్ల పిల్లాడు. యామిని ఆ మొహాన్ని స్కాన్ చేసి పెద్దది చేసింది. కళ్లు, ముక్కు గళ్లుగళ్లుగా విడిపోయాయి. ఇంకా పెంచింది.

“చాలండి,” అన్నాడు సూర్యారావు. “ఇప్పటికే మావాడిలా లేడు.”