రెండంగుళాలు

కుట్టడం పూర్తయిన లాగును రెండు చేతులా ఎత్తి పట్టుకుని చూసిన కట్టమ్మకు గుండె ఝల్లుమంది. కుడికాలు సరిగ్గానే ఉంది. ఎడమకాలు రెండంగుళాలు పొట్టిగా ఉంది.

కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. నులుముకుంటే గుడ్డ పెరుగుతుందా? పెరగలేదు.

తప్పు కళ్లది కాదు, చేతిది. ఇంట్లో కొడుకు యాకయ్యకు లాగు కుట్టినప్పుడల్లా, రెండు కాళ్ల గుడ్డ కలిపి కత్తిరించాక, ఎడమకాలి ముక్కను విడిగా తీసి రెండంగుళాలు తగ్గిస్తుంది. అది పోలియో వచ్చిన కాలు, కురచ. తగ్గించకపోతే లాగు అంచు మోకాలి దగ్గర కట్టిన ఇనుప పట్టీలో ఇరుక్కుని పిల్లవాడు బోర్లా పడతాడు. ఈ పొద్దు కూడా చెయ్యి తన పాటికి తాను ఆ పనే చేసుకుపోయింది. పరీక్ష రోజని చేతికేం తెలుసు?

పరీక్ష జరుగుతున్నది కొత్తవాడలోని వికలాంగ పిల్లల బడిలో. ఆ యేడు అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరమని, ఆ పిల్లల తల్లులు పన్నెండు మందికి ఆర్నెల్లుగా అక్కడే కుట్టుపని నేర్పుతున్నారు. పక్క గదిలో పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు, ఈ గదిలో తల్లులకు చెమటలు పడుతున్నాయి. మగపిల్లల తల్లులు లాగు, ఆడపిల్లల తల్లులు గౌను, తమ పిల్లల ఈడుకు తగ్గ కొలతతో కుట్టాలి. పాసైన వాళ్లకు కుట్టుమిషను ఇస్తారు.

మిషను వస్తే కట్టమ్మ ఇంటిపట్టునే ఉండి వాడకట్టు వాళ్ల జాకెట్లు కుట్టుకుంటుంది. రాకపోతే మళ్లీ బియ్యం మిల్లే గతి. బడి లేని రోజున యాకయ్యను ఇంట్లో కూర్చోబెట్టి బయట గొళ్లెం పెట్టి పోవాలి. దసరా సెలవుల్లో అట్లాగే పోయింది. సాయంత్రం వచ్చి తలుపు తీస్తే, కొట్టి కొట్టి అలిసిపోయి గడప దగ్గరే పడి నిద్రపోయి ఉన్నాడు. ఆ రోజు నుంచి బయట గొళ్లెం పెట్టాలంటే ఆమెకు చెయ్యి రాదు.

ఇంకో గుడ్డ ముక్క ఇమ్మని కుట్టు నేర్పే పూలమ్మ టీచరును అడుగుదామనుకుంది. మనిషికి ఒక్కటే ముక్క అని పొద్దునే తేల్చి చెప్పేసిందావిడ. పైగా పరీక్ష చేయడానికి వచ్చే సారంగపాణి సారు సామాన్యుడు కాదట. పోయిన నెల నర్సంపేటలో అర అంగుళం తేడా వచ్చిందని ఒకామెను ఫెయిలు చేశాడట. అర అంగుళానికే అంత అయితే, రెండంగుళాలకు ఏం చేస్తాడో ఆలోచించడానికే కట్టమ్మకు ధైర్యం చాలలేదు.

పక్కన తాహెరా బేగం గౌనుకు గుండీలు కుడుతోంది. ఆమె కూతురికి చెవులు వినపడవు గానీ, కాళ్లూ చేతులూ బంగారంలా ఉన్నాయి. గౌను కుట్టడంలో ఆమెకు ఏ చిక్కూ లేదు.

“ఆపా, జర ఇటు చూడు,” అంది కట్టమ్మ గొంతు తగ్గించి.

తాహెరా చూసింది. చూసి, టీచరు అటు తిరిగి ఉందని రూఢి చేసుకుంది.

“ఇదేందే, గిట్ల కోసినవ్?”

“చెయ్యి అలవాటుకు పోయింది. ఇప్పుడెట్ల ఆపా?”

“ఫికర్ చెయ్యకు. కుడిది గూడ గంతే కోసెయ్. రెండూ సమానమైతే ఎవ్వలకు ఎరుక?”

“పొట్టిగైతది గదా.”

“పొట్టి లాగులు తొడుగుతలేరా పిల్లలు? టేపు పెడితే కాళ్లు రెండూ ఒక్క తీరుగుండాలె. టైము లేదు, కానియ్.”

కట్టమ్మ కుడికాలి అంచు కుట్టును బ్లేడుతో విప్పింది. కత్తెర అందుకుంది. నిక్షేపంలా ఉన్న గుడ్డను కోయాలంటే ప్రాణం ఒప్పలేదు. అంతలో బయట గేటు దగ్గర స్కూటరు ఆగిన చప్పుడైంది. ఇక ఆలోచించలేదు. కోసేసింది. అంచు మడిచి మిషను తొక్కింది. తొందరకు దారం రెండుసార్లు తెగింది. మూడోసారి సూదిలోకి ఎక్కించి, చివరి కుట్టు వేసి, దారం పంటితో తెంపేసరికి సారంగపాణి గుమ్మంలో ఉన్నాడు.

మెడలో టేపు వేసుకుని ఒక్కొక్కరి దగ్గరా ఆగి చూస్తున్నాడు. మాట లేదు, నవ్వు లేదు. ఒకామె గౌను చేతి కింద పట్టుకు లాగితే కుట్టు పిగిలింది. ఆమె మొహం పాలిపోయింది. కట్టమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

ఆమె వంతు వచ్చింది. సారంగపాణి లాగును బల్ల మీద పరిచి నడుము కొలిచాడు. కుడికాలు కొలిచాడు. ఎడమకాలు కొలిచాడు. మళ్లీ రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాడు.

“కుట్టు గట్టిగ ఉన్నది. కాళ్లు రెండూ సమానం,” అన్నాడు.

కట్టమ్మకు పోయిన ప్రాణం తిరిగి వచ్చింది. తాహెరా మోచేత్తో పొడిచి నవ్వింది. అప్పుడే కట్టమ్మ మనసులో మిషను కిటికీ పక్కన చేరిపోయింది, యాకయ్య దాని పక్కనే కూర్చుని పలక మీద రాసుకుంటున్నాడు.

పన్నెండు మందివీ చూడడం అయ్యాక సారంగపాణి టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఎవరు కుట్టింది వాళ్లను చేతిలోకి తీసుకోమన్నాడు. తను చూసింది కుట్టూ కొలతలూ మాత్రమేననీ, పాసు ఫెయిలు ఇంకా చెప్పలేదనీ అంటూ పక్క గది వైపు నడిచి తలుపు తీశాడు. ఎక్కాలు ఆగిపోయాయి.

“బజార్ల దొరికే బట్టలు మీ పిల్లలకు కుదురుతలేవనే గదమ్మా మీకు ఈ పని నేర్పించింది,” అన్నాడు మొదటిసారి నవ్వుతూ. “ఇగ ఎవరు కుట్టింది వాళ్ల పిల్లలకే తొడిగి చూపియ్యుండ్రి. ఒంటికి సరిగ్గ కుదిరినోళ్లకే మిషను.”