కణత మీది బిళ్ల

మందు సీసాతోపాటు బిళ్ల కూడా ఇచ్చే కాలం అది. మత్తులో మెదడు గుర్తుంచుకోలేనివన్నీ కణతకు అంటించుకున్న ఆ బిళ్ల దాచిపెట్టి, తెల్లారి మెలకువ రాగానే తిరిగి తలకెక్కిస్తుంది. ఆ సిగ్గు తట్టుకోలేక వీధిలో చాలామంది తాగుడు మానేశారు.

పైడితల్లి మొగుడు దాలినాయుడు మాత్రం మానలేదు. మొదటిరోజు బిళ్ల చూపించినదానికి అతను గోడకు తల కొట్టుకుని ఏడుస్తుంటే పైడితల్లి చూడలేకపోయింది. అప్పట్నుంచి అతను లేవకముందే బిళ్ల పీకి పొయ్యిలో పడేస్తోంది; అడిగితే నిద్రలో ఊడిపోయిందంటోంది.

"రేత్రి నానేటైనా అన్నానేటే?" అని టీ తాగుతూ రోజూ అడుగుతాడు.

"ఏటీ అన్నేదు. తొంగున్నావు" అంటుంది.

ఈ పొద్దున కూతురు గౌరి ఇక రానని చెప్పి, బట్టలు సర్దుకుని పిన్ని ఇంటికి బయల్దేరింది. తండ్రి పలకరిస్తే తల తిప్పుకుని మెట్లు దిగిపోయింది.

"దానికి నా మీద కోపమేటే? నానేటి సేసినాను?" దాలినాయుడు నిజంగానే తెలియక అడిగాడు.

అతనికి తెలియకుండా చేసింది తనే. రాత్రి అతను గౌరిని అన్న మాటలు పైడితల్లి కూడా వింది. అందుకే ఈసారి బిళ్లను పొయ్యిలో వెయ్యడానికి చెయ్యి రాక కొంగున ముడేసుకుంది. ఆ ముడి విప్పి బిళ్లను మళ్లీ అతని కణతకు అంటించింది.

రాత్రి అన్నవన్నీ తలకెక్కేసరికి అతని చేతిలో టీ చల్లారిపోయింది. కూతురు వెళ్లిన దారివైపు చూడలేక, దాలినాయుడు పెళ్లాం వైపు తిరిగాడు.

"ఇలాటియి ఇంకెన్ని పీకేసినావే?"