రెండు ఇంటిపేర్ల చిరునామా

డోర్ నంబర్లు పోయి ప్రతి ఇంటికీ వెబ్ చిరునామా వచ్చాక, గృహప్రవేశం నాడు కొత్త జంట కలిసి దానికి పేరు పెట్టడం ఆనవాయితీ అయింది. శర్వాణి, వినీల్ ముచ్చటపడి రెండు ఇంటిపేర్లూ, ముద్దుపేర్లూ, మొదటిసారి మాట్లాడుకున్న బస్టాపు పేరూ అన్నీ కలిపేశారు. "ఇది చదివి ముగించేలోపు పాలు పొంగిపోతాయి," అని ఇద్దరిదీ ఒకటే నవ్వు.

ఆ తర్వాతి ఆదివారం రొయ్యల వేపుడు తిన్న వినీల్‌కి పెదాలు వాచిపోయాయి. ఊపిరి అందడం లేదు. శర్వాణి అంబులెన్సుకి ఫోన్ చేసింది.

"మీ చిరునామా మరీ పొడుగమ్మా. బండిలో వెతికితే జాబితాలో ఎక్కడో అడుగున వస్తోంది, అదీ సగంలో తెగిపోతోంది," అంది అవతలి అమ్మాయి. "బండి ఇంకెవరింటికో పోతోంది. వెంటనే చిన్నది పెట్టండి!"

శర్వాణి ఫోన్‌లోనే చిరునామా తెరిచి ముద్దుపేర్లు తీసేసింది. బస్టాపు తీసేసింది.

"ఇంకా పొడుగేనమ్మా!"

ఇక మిగిలినవి ఇంటిపేర్లే. తనది తీస్తే నాన్న చిన్నబుచ్చుకుంటాడు, అతనిది తీస్తే అత్తగారు ఊరుకోరు. వినీల్ గొంతులోంచి ఈల లాంటి చప్పుడు వచ్చింది. రెండూ చెరిపేసి, కిటికీలోంచి కనిపించిందే కొట్టింది: నీలిగేటు.

"దొరికింది! మొదట్లోనే వచ్చింది. బండి తిరిగిందమ్మా!"

ఇంజెక్షన్ పడి తేరుకున్నాక వినీల్ ఫోన్ చూశాడు. "నీలిగేటా? మా అమ్మకి ఏం చెప్తావే?"

"'ఫోన్ మీ అబ్బాయికే ఇస్తున్నా అత్తయ్యా, ఆయన్నే అడగండి' అంటా," అంది శర్వాణి, కళ్లు తుడుచుకుంటూ.