లూదియా శోధన

ఆళ్లగడ్డలో పోస్టుమాన్ మా పేట ఉత్తరాలన్నీ చదువొచ్చిన నాకో లూదియాకో ఇచ్చి పోతాడు. ఇంటింటికీ చేర్చేది మేమే.

లూదియాకు నంద్యాలలో టీచర్ ట్రైనింగ్ సీటు వచ్చిందన్న కార్డు నా చేతికే వచ్చింది. నాకు సీటు రాలేదు. మూడు రోజులు దాచాను.

చేరడానికి రేపే ఆఖరు రోజనగా తీసుకెళ్లి ఇచ్చాను.

"కుళ్లుతో దాచినానే. పాపమెరగని యేసయ్యకు నా బాధేం తెలుస్తాది?"

లూదియా నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"సైతాను ఆశపెడితే శోధన పడినోడు గదే, తెలుస్తాది. టెన్త్‌లో నీకు స్కాలర్‌షిప్ వచ్చిన కార్డు పోస్టుమాన్ నాకే ఇచ్చినాడు. నాకు రాలే. చించేద్దామని మీ వాకిట్లోనుంచి రెండుసార్లు వెనక్కి పోయినా. ఆ పొద్దే ఇచ్చినా గానీ, ఆ మంట నాకు తెల్దా?"

ఆ రోజు నవ్వుతూ కార్డు ఇచ్చిన లూదియాను చూసి, దీనికి అసూయంటేనే తెలియదని ఇన్నేళ్లూ కుళ్లుకున్నాను.