ఖాళీ స్ట్రిప్పులు

“ఖాళీ స్ట్రిప్పులు తెచ్చినవా, అమ్మా?” జ్యోతి మూడోసారి అడిగింది.

రుక్కమ్మ సంచీ తెరిచి చూపింది. తొమ్మిది స్ట్రిప్పులు, రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. అవి అప్పజెప్పితేనే చంద్రపూర్ ఆసుపత్రిలో కొత్త గోలీలు ఇస్తారు. ఆమెకు రక్తక్యాన్సర్ వచ్చి ఆరేళ్లు. రోజూ అన్నం తిన్నాక ఒక గోలీ, మూడు నెలలకో పరీక్ష. ఇవాళ రిపోర్టు. పొద్దున్నుంచి ఆమె టీ కూడా తాగలేదు.

ఉచిత మందుల పథకం కౌంటరు నుంచి సారక్క వచ్చి పక్కన కూర్చుంది. కోఠారిలో వాళ్ల పక్కింటామె. పోయిన దసరాకు ఆసిఫాబాద్ నుంచి వచ్చింది. రేషన్ కార్డు ఇంకా అక్కడిదే, ఇక్కడి పథకానికి చెల్లదు. రుక్కమ్మ ఆసుపత్రికి బయల్దేరినప్పుడల్లా తోడు వస్తుంది.

“ఏమన్నరు చిన్నమ్మా?” జ్యోతి అడిగింది.

“పేరెక్కాలంటే ఇంకో మూన్నెల్లంట. గిన్ని కాగితాలు నా పెండ్లికి గూడ అడగలే.”

రుక్కమ్మ నవ్వలేదు. లోపలి నుంచి పిలుపు వచ్చింది.

డాక్టరు ఆమె ఎడమ డొక్క కింద నొక్కి చూశాడు. ఈ రోగంతో వచ్చే వాపు లేదన్నాడు. ఆయన మరాఠీలో అడుగుతుంటే జ్యోతి తెలుగులో చెబుతోంది.

“గోలీలతోని కండ్లు ఉబ్బుడు, పిక్కలు పట్టుడు ఉన్నయా?”

“లేవు. దసరా సంది పోయినయి.”

“గోలీలు గిట్ల తప్పినయా అంటుండు.”

రుక్కమ్మ నేలకేసి చూసింది. జ్యోతే స్ట్రిప్పులు బల్ల మీద పెట్టి, ఒక్కటీ తప్పలేదని చెప్పింది.

డాక్టరు రిపోర్టు చదివాడు. ఏదో చెప్పాడు. జ్యోతి తల్లి చెయ్యి పట్టుకుంది.

“అమ్మా, రోగం జాడ ఈసారి గూడ కనబడలేదంట. మూడేండ్ల సంది గిట్లనే ఉన్నదంట. గోలీలు బంద్ చేసి చూద్దామంటుండు. సగం మందికి మళ్ల రాదంట. నెలనెలా పరీక్ష చేస్తరంట.”

రుక్కమ్మ లేచి నిలబడింది.

“వద్దు సార్. బంద్ చెయ్యొద్దు.”

“ఏందమ్మా! గీ మాట కోసం మంది దేవునికి మొక్కుతరు!”

“నాకు భయమైతుంది బిడ్డా. ఇంకో మూన్నెల్లు ఇయ్యమను. గంతే. మళ్ల అడుగ.”

ఆమె చేతులు జోడించింది. డాక్టరు సరేనన్నాడు. మూడు నెలలకు రాసిచ్చాడు.

బయట సారక్క ఎడమ డొక్క మీద చెయ్యి అదుముకుని లేచింది.

“ఇచ్చిండా?”

“ఇచ్చిండు.”

సారక్క కొంగుతో ముఖం తుడుచుకుంది.

బస్టాండుకు చేరేసరికి రెండు దాటింది. కోఠారి బస్సు ఎప్పుడో అడగడానికి జ్యోతి వెళ్లింది. రుక్కమ్మ టిఫిన్ విప్పింది. ఇద్దరూ జొన్నరొట్టె తిన్నారు. రుక్కమ్మ కొత్త స్ట్రిప్పులోంచి ఒక గోలీ తీసింది. మిగతాది జాగ్రత్తగా సంచీలో దాచింది. జ్యోతి వెళ్లినవైపు ఒకసారి చూసి, నీళ్ల సీసా మూత తిప్పింది.

గోలీ సారక్క మింగింది.