గోడ మీద గచ్చపొద

“చెప్పులేసుకుని వస్తాడా, వట్టికాళ్లతోనా?” అని అడిగాడు నర్సరీ ఆయన.

“దొంగ చెప్పుల సంగతి మనకెందుకండీ? నాకు ముళ్లమొక్కలు కావాలి, అంతే” అన్నాడు ఇంటాయన. ఆయన పెరటి గోడ అవతలి సందు చివరే ఆ నర్సరీ.

“కాలిని బట్టి ముల్లు సార్. చెప్పులుంటే కిత్తనార పెట్టాలి, పిక్కల్లో దిగుతుంది. వట్టికాళ్లయితే వేరే లెక్క.”

“వట్టికాళ్లే. గోడ దగ్గర్నుంచి వెనక వరండా దాకా అడుగులున్నాయి. చిన్న పాదాలు.”

“ఏం పోయింది?”

“ఏమీ పోలేదు. అదే నా భయం. రోజూ వచ్చి అన్నీ చూసుకుని పోతున్నట్టున్నాడు. ఏదో ఒకరోజు బండి తెచ్చుకుంటాడు.”

నర్సరీ ఆయన నవ్వుతూ వెనక వరసలోంచి ఒక కుండీ లాగాడు.

“గచ్చపొద. దీని ముల్లు కొక్కెంలా వంగి ఉంటుంది. మనిషిని లోపలికి రానిస్తుంది, పోయేటప్పుడు పట్టుకుంటుంది. విరిగి ఒంట్లో ఉండిపోయిందా, చీము పట్టాల్సిందే.”

“అదే ఇవ్వండి.”

“మరీ అంత…”

“గోడ దూకేవాడి మీద జాలేమిటండీ.”

ఇంటాయన చెడ్డవాడేం కాదు. దేవుడికి దణ్ణం పెట్టుకోనిదే గడప దాటడు. ఆయనా, భార్యా ఎనిమిదింటికి ముందు తలుపుకి తాళం వేసి ఆఫీసులకు వెళ్లి ఆరింటికి వస్తారు. పక్షవాతంతో మాట కూడా పడిపోయిన తల్లి అంతదాకా వెనక వరండాలో మంచం మీద ఉంటుంది.

రెండు మూడు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే వీపు పుండ్లు పడుతుందనీ, ఆ పుండ్లే ప్రాణం తీస్తాయనీ డాక్టరు మొదట్లోనే చెప్పాడు.

ఆరు నెలలైనా ఒక్క పుండు లేదు. “కోడలంటే మీరేనమ్మా” అని డాక్టరు మెచ్చుకుంటే ఇల్లాలు తల వంచుకుని నవ్వింది. “అంతా దేవుడి దయ” అన్నాడు ఇంటాయన.

దయ ఎటునుంచి వచ్చిందని ఎవరడుగుతారు?

ఆదివారం మొక్కలు నాటడానికి నర్సరీలో పనిచేసే ఆమె వచ్చింది. యాభై దాటిన సన్నటి మనిషి. ఆమెను చూడగానే మంచం మీది పెద్దామె గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది.

“కొత్తవాళ్లని చూస్తే మా అత్తయ్యకి భయం. ఇలాగే అరుస్తుంది” అంది ఇల్లాలు.

పెద్దామె కదిలే చేత్తో పనామె కొంగు పట్టుకుంది.

“వదలండత్తయ్యా. అదంతా మట్టి.”

పనామె ఆ వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసింది.

“పగలు అమ్మగారి దగ్గర ఎవరుంటారమ్మా?”

“ఎందుకు? ఎవరూ ఉండరంటే మీవాళ్లకి కబురు పెడతావా?” అన్నాడు ఇంటాయన.

ఆమె గోడ పొడుగునా గుంటలు తవ్వింది. ఆఖరి మూల దగ్గర ఆగింది.

“ఇక్కడ మనిషి పట్టేంత వదిలేద్దామా బాబూ? నీళ్లు పోసుకోడానికి వీలుగా ఉంటుంది.”

“దొంగకి గుమ్మం పెట్టమంటావా? గొళ్లెం కూడా నువ్వే బిగించు.”

“దొంగ కాకపోతే?”

“గోడ దూకినవాడు దొంగ కాక చుట్టమా? దొరికితే చెయ్యి విరగ్గొట్టి మరీ పోలీసులకి అప్పగిస్తా.”

ఆమె ఆ మూలా నాటింది. మొక్కలు పెరిగేదాకా గోడ మీద గచ్చకంప పరవమని ఇంటాయన అంటే, అదీ పరిచి వెళ్లింది.

మూడో రోజు గోడ సున్నం మీద నెత్తుటి మరక కనిపించింది. ఇంటాయన భార్యని పిలిచి చూపించాడు.

“చూశావా, పని మొదలుపెట్టింది.”

“ఇంకా వస్తాడంటారా?”

నాలుగో రోజూ మరక ఉంది. ఐదో రోజు ఇంకా పెద్దది ఉంది.

“సిగ్గులేని జన్మ” అంటూ ఇంటాయన తనే నిచ్చెన ఎక్కి ఇంకో వరస కంప వేశాడు.

ఆ తర్వాత మరకలు లేవు. పెరట్లో అడుగులూ లేవు. ఆయన హాయిగా నిద్రపోయాడు.

మూడు వారాలకు మంచం దగ్గర వాసన మొదలైంది. దుప్పట్లు మార్చారు. అగరొత్తులు వెలిగించారు. చివరికి డాక్టరును పిలిచారు.

ఆయన పెద్దామెను పక్కకు తిప్పి వీపు చూశాడు.

“ఎముక కనిపిస్తోంది. పగలు తిప్పడం ఎందుకు మానేశారమ్మా?”

ఇల్లాలు అత్తయ్య మీదికి దుప్పటి లాగింది. మానేయడానికి, ఆ ఇంట్లో ఎవరూ మొదలే పెట్టలేదు.

“ఈ పని బాగా తెలిసిన మనిషి కావాలి. మామూలు ఆయా చాలదు. అలాంటి చెయ్యి దొరక్కపోతే పది రోజులు, అంతే.”

ఇంటాయన తెలిసినవాళ్లందరినీ అడిగాడు. నర్సరీకి వెళ్లి అక్కడి ఆయన్నీ అడిగాడు.

“అయ్యో, మీ పెరట్లో మొక్కలు నాటిందే, ఆమెని మించిన చెయ్యి లేదు సార్. పెద్దాసుపత్రిలో ఇరవై రెండేళ్లు మంచాన పడ్డవాళ్లనే చూసింది. వయసైందని తీసేస్తే నా దగ్గర చేరింది.”

“ఇప్పుడే పిలిపించండి. మీకు పుణ్యముంటుంది.”

“ఎలా వస్తుంది సార్? పాదంలో ముల్లు విరిగి చీము పట్టింది. పోయిన వారం కాలు మోకాలి దాకా తీసేశారు.”

ఇంటాయన వెనక వరసలోని గచ్చపొదల వైపు తిరిగాడు. నర్సరీ ఆయన మొక్కలకు నీళ్లు పోస్తూ చెప్పుకుపోయాడు.

“నా కుండీల దగ్గరే గుచ్చుకుందనుకుని, కళ్లు నెత్తికెక్కాయా అని తిట్టాను కూడా. పొద్దున ఒకసారి, అన్నం వేళ ఒకసారి, మూడింటికి ఒకసారి ఎటో పోయి వచ్చేది సార్. ఎక్కడికే తల్లీ అంటే, ‘పాపం ఒక పెద్దామె పొద్దస్తమానం ఒక్కతే పడుంటుంది, పక్క తిప్పి వస్తా’ అనేది.”