ఒక్క క్లాసు చాలు

"కుర్చీలకో క్లాసు, దీపాలకో క్లాసు, నిచ్చెనలకో క్లాసు! పేరు తప్ప లోపల తేడా ఏముంది నాయనా?" అంటూ టీమ్ లీడ్ కంప్యూటర్ తెరను వేలితో పొడిచింది.

జిరాక్సు బుర్ర గోక్కున్నాడు. ఉన్న ప్రోగ్రాము ముక్కకే, అంటే క్లాసుకే, నకలు తీసి పేరు మారుస్తాడని ఆఫీసులో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు.

"ఏ సరుకుది దానికి ఉంటే శుభ్రంగా ఉంటుంది కదా మేడమ్."

"శుభ్రమా, నా మొహమా! అద్దె లెక్కలో ఒక తప్పు దొరికితే ఇన్నిచోట్లా దిద్దుకుంటూ కూర్చుంటావా? అన్ని సరుకులకూ సరిపోయేలా ఒకే ఒక జెనెరిక్ క్లాసు రాయి. సరుకు రకం ఉండే చోట ఖాళీ వదిలెయ్. వాడుకునేటప్పుడు కుర్చీ అంటే అది కుర్చీలది, దీపం అంటే దీపాలది. కుర్చీల దాంట్లో దీపం పెట్టబోతే ప్రోగ్రామును సరిచూసే కంపైలరే ఒప్పుకోదు. సాయంత్రానికల్లా అయిపోవాలి."

ఇదంతా తెలియక కాదు అతని బాధ. ఈ ప్రోగ్రాము రాయించుకుంటున్న సామాన్ల అద్దె దుకాణంలో కొత్తరకం సరుకు దిగినప్పుడల్లా యజమాని కూతురు ఫోన్ చేస్తుంది. అతను ఉన్నపళంగా వెళ్లి, ఆమె పక్కనే కూర్చుని, నింపాదిగా కొత్త క్లాసు రాస్తాడు. అన్నిటికీ ఒక్కటే సరిపోతే ఇక ఏ వంక పెట్టుకుని వెళ్లాలి?

అయినా రాయక తప్పలేదు. రాసి, పరీక్షించి, మూతి ముడుచుకుని కూర్చున్నాడో లేదో ఫోన్ మోగింది.

"కొత్త సరుకొచ్చిందండీ! తొందరగా రండి."

వెళ్లేసరికి గుమ్మానికి అడ్డంగా పడవ! దాన్ని దాటడానికి నానా తంటాలు పడి లోపలికి దిగాడు.

"ఈ ఊళ్లో చెరువైనా లేదు కదండీ?"

"ఏమో, ఎవరికైనా అక్కరకొస్తుందిలెండి," అని ఆమె కాఫీ తేవడానికి వెళ్లింది. తిరిగొచ్చేలోగా అతను లాప్‌టాప్ మూసేశాడు.

"అప్పుడే అయిపోయిందా?"

"ఇకమీద ఇంతేనండీ. ఏ సరుకొచ్చినా ఒక్క లైను చాలు. ఆఫీసులో కూర్చునే కలిపేస్తాను. నేను రానక్కర్లేదు." అతను దిగాలుగా లాప్‌టాప్ సంచిలో పెట్టుకున్నాడు.

ఆమె కప్పు ఠక్కున బల్లమీద పెట్టింది. మొహం ఎర్రబడింది.

"రానక్కర్లేదా? మీరొస్తారనే కదండీ, ఈ పడవ కొనమని వారం నుంచి మా నాన్న ప్రాణం తీశాను!"